వీధిగది టీచరక్క

టీచరక్క చనిపోయి నెల దాటింది. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు చిన్న పుస్తకం ఒకటి వేస్తారంట. ఆడపిల్లలంటున్నానే గానీ వాళ్ళకూ తలలు నెరిసినాయి. తలా ఒక పేజీ రాస్తారంట. మొన్న ముగ్గురు వచ్చి, "అందరికంటే ముందు నుంచి ఆమెను చూసినదానివి, నువ్వూ నాలుగు మంచి మాటలు రాయి పెద్దమ్మా" అని తెల్లకాగితాలు ఇచ్చి పోయినారు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక. నేర్పింది ఆమే. అందుకని నేను రాస్తే బాగుంటుందని వాళ్ళ ఆశ.

మంచి మాటలకేం, ఎన్నైనా ఉన్నాయి. కానీ వాళ్ళలో ఒకామె పోతూ పోతూ గడపలో నిలబడి, "టీచరు ఇంగ్లండులో పైచదువుకు సీటొచ్చీ పోలేదంట గదా, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. టైం కుదరల్యా అని నవ్వేసేది" అంది. నేను తల వంచుకున్నాను. టైం కుదరక కాదు. ఆమె పోకపోవడానికి కారణం నేను. ఆమె గురించి రాయమన్నారు కాబట్టి ఇది వదిలేసి రాయలేను.

రాజధాని మా కర్నూలుకు వచ్చిన కాలమది. ఆఫీసులకు కట్టడాలు చాలక మైదానాల్లో డేరాలు వేసినారు. బల్లలు, ఫైళ్ళు, గుమాస్తాలు అన్నీ ఆ డేరాల్లోనే. మనుషులు ఉండేదానికి ఇండ్లు దొరకవు. మా వీధిలో వసారాలకు గోనెపట్టాలు కట్టి వాటిని కూడా అద్దెకిచ్చినారు. మా మిద్దెలో వీధి వైపు ఒక గది ఉండేది. జొన్నల మూటలు ఒక మూలకు నెట్టి ఆ గదిని మా ఆయన బడిపంతులమ్మకు ఇచ్చినాడు. ఇచ్చినాడే గానీ గుండెల్లో గుబులు. అదనపు గదులున్న ఇండ్లను సర్కారు ఆఫీసర్ల కోసం తీసుకుంటుందని ఊరంతా పుకారు. పక్క వీధిలో ఎవరిదో మిద్దె అట్లే పోయిందని చెప్పుకునేవాళ్ళు. ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు.

"కాగితం పట్టుకొని ఎవురొచ్చి అడిగినా ఈ ఇంట్లో మనం తప్ప ఎవురూ లేరని చెప్పు. ఒకసారి చెప్పినాక మళ్ళ మాట మార్చొద్దు" అని మా ఆయన నాకు గట్టిగా చెప్పినాడు. ఆ మాట ఆమె కూడా వింది. "అట్లయితే నేను లేనిదాన్నా అన్నా?" అని నవ్వింది.

ఒక రేకు పెట్టె, ఒక మడత కుర్చీ, ఒక గొడుగు, తాడుతో కట్టిన పాత పేపర్ల దొంతర. అవి తీసుకొని వచ్చింది. నాకప్పుడు ఇరవై ఏండ్లు. ఆమెకు ఇరవై ఎనిమిదో తొమ్మిదో. పులివెందుల పక్క మెట్ట ఊరు వాళ్ళది. బి.ఎస్సీ. చదివి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేది. పెండ్లి కాలేదు. వచ్చిన రోజే నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట, "ఏమ్మే, మీ ఇసుర్రాయి ఒకసారి ఇస్తావా? పిండికి కాదులే."

గడ్డికంట! పేపర్ల మధ్య గడ్డి పోచలు పరిచి, దాని మీద మా ఇసుర్రాయి ఎత్తి పెట్టింది. నాలుగు రోజులయితే పోచ చదునుగా, రంగు పోకుండా ఎండేది. మా అత్త పొద్దున్నే జొన్నలు ఇసురుదామని పోతే రాయి కింద గడ్డి.

"ఎవురికి దిష్టి తీస్తాండారే ఈ ఇంట్లో?" అని అరిచింది.

"దిష్టి కాదు పెద్దమ్మా, చదువు."

"గడ్డి చదువా? మా ఎనుములు పుట్టిన కాడ్నుంచీ అదే చదువు చదువుతాండాయి. వాటికెవురూ జీతమియ్యల్యా!"

ఆమె కోప్పడదు. మా అత్త ఎంత పొడిస్తే అంత నవ్వేది. నవ్వి, "తొందరేముండాది పెద్దమ్మా, గడ్డి యాడికీ పోదు. నువ్వు ఇసురుకో, నేను మళ్ళ పెట్టుకుంటా" అనేది. గడ్డి యాడికీ పోదు అనేది ఆమె ఊతపదం. బస్సు తప్పిపోయినా అదే మాట, అన్నం మాడినా అదే మాట.

ఆదివారాలు, సెలవులు వస్తే పొద్దు పొడవకముందే బస్సెక్కి ఓర్వకల్లు గుట్టల వైపు పోయేది. గొడుగు ఎండకు పట్టదు. దాని మొనతో గడ్డి వేర్లు తవ్వేది. తిరిగొచ్చి గడప మీద కూర్చొని చీర కుచ్చిళ్ళు ఒళ్ళో వేసుకొని, అంచుకు అంటుకున్న ముండ్ల గింజలు ఒక్కొక్కటే ఏరేది. మనమైతే ఏరి వీధిలో పారేస్తాం. ఆమె వాటిని చిన్న పొట్లాలు కట్టి, మీద ఏదో రాసి పెట్టె నింపేది.

"దీంట్లో ఏముండాదక్కా అంత?" అని ఒకరోజు అడిగినాను.

ఒక సన్నపోచ చూపించింది. చేలగట్ల మీద పెరిగేదే, నేను వేలసార్లు తొక్కినదే. "నాకు పదేండ్లప్పుడు మా ఊర్లో వాన పడల్యా. కొర్ర పోయె, జొన్న పోయె, చింతచెట్టు కూడా ఆకు రాల్చె. మా నాయిన చేనుగట్టు మీద కూర్చొని ఏడ్చినాడు. ఆయన కాళ్ళ కాడ ఇది పచ్చగా ఉండింది. అన్నీ చచ్చినాయి గదా, ఇది ఎందుకు చావల్యా? అప్పట్నుంచీ అదే అడుగుతాండా. దీనికి తెలిసింది కొర్రకు నేర్పించొచ్చునేమో."

ఆ ఎందుకు అనేదానికి జవాబు వెతకడానికే ఇంగ్లండుకు అర్జీ పెట్టింది. చలికాలంలో జవాబొచ్చింది. మా ఇంటి నంబరు బయటికి తెలియకూడదని ఉత్తరాలన్నీ బడికే తెప్పించుకునేది. సీటిచ్చినారు. రెండేండ్ల చదువుకు స్కాలర్‌షిప్పు కూడా. ఎండాకాలం అయిపోతూనే బొంబాయిలో ఓడ ఎక్కాల. ఆ ఉత్తరం నాకు అర్థం చెప్పి మూడుసార్లు చదివి వినిపించింది. పరదేశం నుంచి వచ్చే విద్యార్థులు వెచ్చని బట్టలు, రెండు జతల బూట్లు తెచ్చుకోవాలంట. ఒక సాయంత్రం ఎవరి దేశపు బట్టలు వాళ్ళు కట్టుకొని విందుకు రావాలంట.

"నాకు పట్టుచీర యాడుండాది?" అంది.

"నా పెండ్లిచీర తీసుకపో అక్కా" అన్నాను. అప్పుడు మనసారానే అన్నాను. ధర్మవరం చీర, మామిడిపండు రంగు. ఆమె రెండు చేతులతో అందుకొని రేకు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుంది.

ఇంక మా ఇంట్లో రోజూ తిరునాళ్ళే. కర్నూలు ఎండలో మేజోళ్ళు తొడిగి, బూట్లేసుకొని పెరట్లో పది సుట్లు తిరిగేది. చెమటలు కారే చేతులతో నీలం ఉన్ని స్వెట్టరు అల్లేది. ముళ్ళ చెంచాతో సంగటి తినేదానికి చూసింది. సంగటి చెంచాకు అతుక్కొని రాదు. మా అత్త ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ, "దేవుడు ఐదు వేళ్ళిచ్చె, నువ్వు నాలుగు ముండ్లు పట్టుకుంటివి. పెండ్లి చేసుకోమంటే పడవెక్కుతానంటాది, ఏం మనిషమ్మా!" అనేది.

వీటన్నిట్లో నాకు ప్రాణం లాంటిది కుర్చీ ఆట. అక్కడి ప్రొఫెసర్ల ముందర తడబడకుండా మాట్లాడేది అలవాటు కావాల కదా. అందుకని సాయంత్రం పూట నన్ను మడత కుర్చీలో కూర్చోబెట్టి, చనిపోయిన మా మామ కండ్లద్దాలు నా ముక్కు మీద పెట్టేది.

"నువ్విప్పుడు దొర ప్రొఫెసరు."

"నాకేం తెల్సక్కా?"

"తెల్సాల్సిన పన్ల్యా. నేను ఇంగ్లీషులో చెప్తాంటే మధ్యమధ్యలో 'వై?' అను. ఎందుకు అని అర్థం. వాళ్ళు నన్ను అడిగేది అదే."

ఆమె నిలబడి గడ్డి గురించి గడగడా చెప్పేది. నేను గడ్డం ఎత్తి "వై?" అనేదాన్ని. ఆమె ఆగి, ఆలోచించి, నాకు జవాబు చెప్పేది. నిజంగా నాకే చెప్పినట్టు చెప్పేది. నా మాటకు ఆగి ఆలోచించిన మనిషి అంతవరకు నాకు ఎవరూ లేరు. ఒకరోజు మా అత్త పెరట్లోంచి, "ఏమే, కుర్చీలో కూర్చొని ఏం పంచాయితీ చేస్తాండావు? పొయ్యి మీద పప్పు మాడతాండాది!" అని కేకేసింది. నేను అలవాటులో "వై?" అన్నాను. టీచరక్క నవ్వలేక నేల మీద కూలబడింది.

తర్వాత ఒకసారి ఆమెను చూడడానికి బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లు వచ్చినారు. "మా ప్రొఫెసరును చూడండి" అని ఆమె నన్ను పిలిచి కండ్లద్దాలు పెట్టింది. నేను "వై?" అన్నాను. ఆ ఇద్దరూ చేతులు చరిచి నవ్వినారు. "ఇంకోసారి అనమ్మా" అన్నారు. ఇంకోసారి అన్నాను. టీచరక్క కూడా నవ్వింది. ఆమె నవ్వులో చెడు లేదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం గుడ్డలు తొడిగి ఆడించే కోతి గుర్తొచ్చింది నాకు. ఆ నవ్వే కారణమంటే నా తప్పు ఆమె మీద రుద్దినట్టవుతుంది. దాచిపెడితే ఇదంతా రాయడం ఎందుకు?

బడికి ఎండాకాలం సెలవులిచ్చినారు. ఆమె రోజూ గుట్టలకు పోతోంది. ఒక మధ్యాహ్నం సైకిల్ మీద ఒకాయన వచ్చినాడు. మామూలు బట్టలు, చంకలో ఫైలు. ఆమె పేరు చెప్పి, "ఈ ఇంట్లో అద్దెకుండాదా అమ్మా?" అన్నాడు. చేతిలో కాగితం కనపడగానే నాకు మా ఆయన మాటే నోట్లోకి వచ్చింది.

"ఎవురూ లేరప్పా. మేమే ఉండేది."

ఆయన ఇంటి నంబరు మళ్ళీ చూసుకొని పోయినాడు. అప్పటికి నాకు ఏమీ తెలియదు. అక్కడికే అయింటే ఈ పాపం నాది కాదు.

ఆ సాయంత్రం గింజలు ఏరుకుంటూ ఆమె చెప్పింది. "ఏమ్మే, పాసుపోర్టుకు విచారణ చేసేదానికి ఒక మనిషొస్తాడంట. నేను లేనప్పుడు వస్తే ఈడనే ఉంటానని చెప్పు, చాలు. మీ ఆయనతో నేను మాట్లాడినా. ఇంటికేం కాదు, ఆ మనిషి దానికి రాడు అని చెప్పినా."

నేను "ఊ" అన్నాను. వచ్చి పోయినాడక్కా అని అప్పుడే అనాల్సింది. లేదని చెప్పిన నోటితో ఉందని ఎట్ల చెప్పాల అనుకున్నాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. అట్లా పది రోజులయినాయి.

అదే మనిషి మళ్ళీ వచ్చినాడు. ఈసారి గడప దగ్గర కూర్చొని మంచినీళ్ళడిగి తాగినాడు. మంచి మనిషే. "చూడమ్మా, ఆ టీచరమ్మ ఈ ఇంటి నంబరే రాసిచ్చింది. పైదేశానికి చదువుకు పోవాల్నంట. ఇది ఆమెకు మంచి చేసేదే గానీ చెడ్డ చేసేది కాదు. ఉంటే ఉందని చెప్పు" అన్నాడు.

ఇంత తేటగా చెప్పినాడు.

ఈ కథ నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా తలుపు వెనక మా అత్త నిలబడి ఉంటుంది. ఆమె భయంతో నోరు తెరవలేకపోయినానని ముప్పై ఏండ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. మా అత్త ఆ రోజు ఇంట్లో లేదు. కోసిగిలో కూతురి దగ్గరికి పోయింది. మా ఆయన అంగట్లో ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. నా ఎదురుగా తెరిచిన గదిలో మడత కుర్చీ కనపడుతోంది. ఆమె పోతే ఆ కుర్చీ పోతుంది. నాకు ఆగి ఆలోచించి జవాబు చెప్పే మనిషి పోతుంది. నన్ను చూసి నవ్విన మనిషి ఓడెక్కుతుంది. నేను ఇక్కడే జొన్నలు ఇసురుతా ఉంటాను.

"అప్పుడే చెప్పినా గదప్పా, లేదని" అన్నాను.

ఆయన నిట్టూర్చి కాగితం మీద రాసినాడు. రాసింది చదివి వినిపించినాడు. ఆ పేరు గలామె ఈ ఇంట్లో లేదని ఇంటి కోడలు చెప్పింది అని. సిరా డబ్బీ తెరిచినాడు. "వేలు పెట్టమ్మా." పెట్టినాను.

ఆ సాయంత్రం ఆమె ఎండకు కమిలిన ముఖంతో వచ్చి, స్నానం చేసి, "ప్రొఫెసరుగారూ, రాండి" అని కుర్చీ వేసింది. బూడిదతో రుద్దినా, చింతపండుతో రుద్దినా గోరు సందులో నలుపు పోలేదు. బొటనవేలు పిడికిట్లో దాచుకొని కూర్చున్నాను. ఆమె చెప్తా చెప్తా ఆగింది.

"ఈరోజు వై అనవేమి?"

"తలనొప్పిగా ఉండాదక్కా."

లోపలికి పోయి శొంఠి అరగదీసి తెచ్చి నా నుదుటికి పట్టు వేసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. మంట కండ్లల్లోకి దిగింది. ఏడుపు శొంఠి మీదికి తోసినాను.

బడి తెరిచినాక ఆమె పేరిట కవరొచ్చింది. ఇచ్చిన చిరునామాలో మనిషి లేదు కాబట్టి పాసుపోర్టు ఇవ్వలేమని. ఆమె డేరాల దగ్గరికి పోయింది. ఒక డేరా నుంచి ఇంకో డేరాకు తిప్పినారంట. మూడో రోజు ఎవరో ఫైలు తీసి చూపించినారు.

ఆ రోజు ఆమె ఇంటికొచ్చేసరికి నేను వాకిట్లో కొర్రలు చెరుగుతున్నాను. ఆమె నా పక్కన నిలబడింది. చాలాసేపు నా చేతుల వైపు చూసింది. నేను చాట ఆపలేదు. తర్వాత గదిలోకి పోయి పెట్టె తెరిచింది. నా పెండ్లిచీర మడత నలగకుండా తెచ్చి, నా పక్కన పీట మీద పెట్టింది.

"ఇంక నీ చీర నువ్వు పెట్టుకోమ్మే."

"ఏమాయెనక్కా?" అన్నాను. సిగ్గు లేకుండా ఆ మాట కూడా అన్నాను.

"ఏం లే. తొందరేముండాది, గడ్డి యాడికీ పోదు" అంది. ఎప్పుడూ ఆ మాట తర్వాత నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. ఎందుకు అని అడగడం నాకు నేర్పిన మనిషి, ఆ ఒక్క మాట నన్ను అడగలేదు.

ఆమెకు తెలియదనే అనుకున్నాను. తెలిస్తే అరవదా, గది ఖాళీ చేసి పోదా అని. పెద్ద టీచరమ్మ చేత పత్రం రాయించుకొని మళ్ళీ అర్జీ ఇచ్చింది. మళ్ళీ విచారణకు వేరే మనిషి వచ్చిన రోజు ఆమె ఇంట్లోనే ఉంది. నేను పెరట్లో బావి గట్టు వెనక దాక్కున్నాను. దీపావళి దాటినాక పాసుపోర్టు వచ్చింది. అప్పటికి అక్కడ చదువు మొదలై నెలలయింది. ఆ సీటు ఆ ఏటికేనంట. స్కాలర్‌షిప్పు వరసలో వెనక ఉన్న మనిషికి పోయింది. మరుసటి ఏడు మళ్ళీ రాసింది. చిన్న జవాబు వచ్చింది. ఆ పై ఏడు రాస్తే జవాబే రాలేదు.

స్వెట్టరు విప్పేసింది. ఆ నీలం ఉన్నితో గడ్డి పేపర్ల కట్టలు కట్టుకుంది. పాసుపోర్టులో ఒక్క ముద్ర కూడా పడలేదు. మందంగా ఉందని దాంట్లో చిన్న పోచలు పెట్టి ఎండబెట్టుకునేది. కుర్చీ ఆట మళ్ళీ ఆడలేదు. రాజధాని హైదరాబాదుకు పోయి డేరాలు పీకేసినాక ఆమె మా ఎదురు సందులో రెండు గదుల ఇంటికి మారింది. మడత కుర్చీ మాత్రం, "నువ్వు కూర్చోమ్మే" అని మాకే వదిలిపెట్టింది. నేను అందులో ఎప్పుడూ కూర్చోలేదు.

ఏండ్లు గడిచినాయి. మా అత్త పోయింది, మా ఆయన పోయినాడు. ఆమె బడి నుంచి రిటైరయి, తన వాకిట్లో చదువురాని ఆడవాళ్ళకు అక్షరాలు చెప్తా ఉండింది. ఒక పొద్దున సందులోంచి కేకేసింది. "ఏమ్మే, ఇంకేం పనుండాది నీకు? పలక తెచ్చుకొని రా."

పోయినాను. అందరికీ 'అ'తో మొదలుపెట్టే మనిషి నాకు నా పేరు రాసిచ్చి దిద్దమంది.

"అ ఆలు ముందర గదక్కా?"

"నీకు పేరే ముందర."

నాలుగు రోజులు దిద్దినాను. ఐదో రోజు చూడకుండా రాసినాను. వంకరగా వచ్చింది గానీ నా పేరే. ఆమె పలక పక్కన పెట్టి, నా కుడి చెయ్యి తీసుకుంది. బొటనవేలు పట్టుకొని చూసింది. ముప్పై ఏండ్ల నాటి నలుపు అక్కడ ఇంకా ఉన్నట్టు తన చీర కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఇంక ఈ వేలు ఎవురికీ ఇవ్వొద్దు" అంది.

ఫైలులో ఆ ముద్ర చూసినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. తెలిసే రెండేండ్లు మా గదిలో ఉంది. తెలిసే మా అత్తకు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. అక్కా అని నోరు తెరిచినాను. ఇంకొక్క మాట వచ్చినా చాలుండేది. రాలేదు. ఆమె కాసేపు చూసి, "సరే, ఇంకొకసారి రాయి" అని పలక నా ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత నాలుగేండ్లు రోజూ పొద్దున ఆమె వాకిట్లో కూర్చున్నాను. ఈరోజు చెప్పాల అనుకుంటూ పోయేదాన్ని. కథల పుస్తకాలు చదివే దాకా నేర్పించుకొని వచ్చినాను గానీ ఆ మాట చెప్పలేదు. చివరి వారం ఆమెకు స్పృహ లేదు. అప్పుడు చెవి దగ్గర చెప్పినాను. అది చెప్పినట్టు కాదని నాకు తెలుసు.

ఆ సైకిల్ మనిషి ఇప్పుడు బతికి లేడేమో. నాకు మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నం పూట గడప ముందర సైకిల్ ఆగినట్టే ఉంటుంది. మూడోసారి వచ్చి అడిగితే చెప్పే మాట తప్పులు లేకుండా రాసి పెట్టుకున్నాను:

అవునప్పా, ఈ ఇంట్లోనే ఉండాది. వీధి వైపు గదిలో. గడ్డి కోసం గుట్టలకు పోయింది, వచ్చేస్తాది. అదిగో కుర్చీ, కూర్చో.